బొడ్రాయి పండుగనాటి సైన్స్ మేళా

మా వంటింట్లో గోడకు కొట్టిన చెక్క మీద స్టీలు గ్లాసులు బోర్లించి ఉండేవి. విమానం మా ఇంటి మీదుగా లేచినప్పుడల్లా వాటిలో ఒకే ఒక గ్లాసు జివ్వుమని మోగేది. మిగతావి ఉలుకూ పలుకూ లేకుండా ఉండేవి. నాయనమ్మ ఆ చప్పుడు వినగానే చేస్తున్న పని ఆపి, "ఎవరో మనల్ని యాది జేస్తున్నరు" అనేది. మా అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు. లేచి వెళ్లి ఆ గ్లాసు మీద చెయ్యి పెట్టి నోరు మూయించి వచ్చేది.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఆ గ్లాసు నన్ను పట్టుకుంది. అన్నిటినీ వదిలి అదొక్కటే ఎందుకు మోగుతుంది? గ్లాసుల చోట్లు మార్చి చూశాను. ఎక్కడ పెట్టినా అదే మోగింది.

మా ఊరు పాల్మాకుల దగ్గర హైవే దిగి లోపలికి నడిస్తే వస్తుంది. బడి శంషాబాద్‌లో. అక్కడ మాకు భౌతికశాస్త్రం చెప్పే మేడం కృష్ణా జిల్లా నుంచి వచ్చినావిడ. మా అందరినీ "అమ్మా" అనీ "నాన్నా" అనీ పిలిచేది. మొదట్లో ఆమె మాట మాకు రేడియోలో వార్తల్లా వినిపించేది. ఒక రోజు క్లాసయ్యాక వెళ్లి గ్లాసు సంగతి అడిగాను. మర్నాడు ఆమె పర్సులోంచి దారపు ఉండ తీసి నా చేతిలో పెట్టి, "బరువుకు నట్లు తెచ్చుకోమ్మా, నీ గ్లాసు ఎందుకు మోగుతుందో నువ్వే చెబుదువుగాని" అంది.

బాపు మోటారు కొట్టంలోంచి పాత నట్లు ఏరి ఇచ్చాడు. రెండు కట్టెలు నిలబెట్టి, వాటి మధ్య జర వదులుగా దారం కట్టి, ఆ దారానికి పొట్టివీ పొడుగువీ కలిపి కొన్ని దారాలు వేలాడదీసి, ఒక్కోదాని చివర ఒక్కో నట్టు కట్టాను. వాటిలో రెండింటి పొడవు మాత్రం సమానం. ఆ రెండింటిలో ఒకదాన్ని ఊపి వదిలితే, కాసేపటికి దూరంగా ఉన్న దాని జోడు తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్నవి కాస్త కదిలి ఊరుకుంటాయి. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది, బయటి నుంచి సరిగ్గా అదే ఊపు వచ్చి తగిలితే తప్ప అది గట్టిగా కదలదు. పుస్తకంలో దాని పేరు అనునాదం. పుస్తకంలో ఆ పేజీ నాకు అప్పటికే అప్పజెప్పడం వచ్చు. పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు పడేవి. కానీ ఆ రెండో నట్టు దానంతట అది కదిలిన సాయంత్రం, చీకటి పడేదాకా దాన్ని ఆపి మళ్లీ మళ్లీ ఊపి చూశాను. చదువులో ముందుండటం వేరు, తెలుసుకోవడం వేరు అని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

షాద్‌నగర్‌లో ఒక కాలేజీ వాళ్లు చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి సైన్స్ మేళా పెట్టారు. మా బడి నుంచి మేడం నా పేరు పంపింది. తారీఖు తెలిసిన రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. బాపు ముఖం మారిపోయింది.

"గా రోజే గదా బిడ్డా బొడ్రాయి" అన్నాడు.

బొడ్రాయి అంటే ఊరి నడిమధ్య పాతిన రాయి. ఊరికి అది బొడ్డులాంటిదని మావాళ్ల నమ్మకం. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయేసరికి మా ఊరి రాయి భూమిలోకి దిగిపోయింది. దాన్ని తీసి కొత్తది నిలబెట్టాలని పెద్దలు ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. అది ఏటేటా వచ్చే పండుగ కాదు. నాయనమ్మ కూడా తన పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చూసిందంతే. ఆ రోజు పొలిమేర మూసేసి ఊరికి ఎల్ల కడతారు. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ప్రతి ఇంటి ఆడవాళ్లూ బిందెతో నీళ్లు తెచ్చి కొత్త రాయి మీద పోస్తారు. అత్తగారిళ్లకు వెళ్లిన ఆడపిల్లలందరినీ ముందే పిలిపిస్తారు.

ఈ పండుగ పనులు చూస్తున్నవాళ్లలో మా బాపు ఒకడు. అంతకు కొద్ది రోజుల ముందే పక్కింటాయన వచ్చి, షాద్‌నగర్ ఫ్యాక్టరీలో తన కొడుకుకు ఆ రోజు డ్యూటీ ఉందనీ, పోనివ్వమనీ అడిగితే, "ఊరందరికీ ఒకటే కట్టుబాటన్నా" అని బాపే కాదన్నాడు. ఇప్పుడు అదే నోటితో తన బిడ్డను ఎలా పంపిస్తాడు?

నేను అన్నం తినకుండా పడుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది గానీ నా పక్షాన మాట్లాడలేదు. "ఊరంత ఒక్కతాన ఉన్ననాడు నువ్వొక్కదానివే బయటుంటవా? నీకేమన్న అయితే?" అంది. ఆమె భయం నాకు అప్పుడు మూర్ఖత్వంలా అనిపించింది. "నట్టు ఊగితే నాకేమైతదమ్మా?" అని ఎదురు మాట్లాడాను.

రెండు రోజులకు మేడం తన స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. బాపు కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చున్నాడు.

"మీ అమ్మాయి సొంతంగా చేసిందండీ ఇది. పోనీ వేరే పిల్లల చేతికిచ్చి పంపిద్దామంటే, అడిగినవాళ్లకు వివరించి చెప్పేదెవరు?" అంది మేడం.

"మీరు చెప్పింది అబద్ధం కాదు మేడం. గని ఊరికి ఒక మాట ఇచ్చి కూసున్న. గిట్ల నా పిల్లనే పంపిస్తే రేపు ఎవలకు ముఖం చూపియ్యాలె?"

మేడం వాదించలేదు. మూఢనమ్మకం లాంటి మాట ఆమె నోట రాలేదు. అలాంటి మాట వస్తుందని ఎదురుచూస్తున్నది నేనే. ఆమె బాపు వైపు తిరిగి, "ఆ కట్టుబాటు ఏమిటో సరిగ్గా అడిగి తెలుసుకుందామా? మినహాయింపు ఇమ్మని కాదండీ, నియమం ఎంతవరకు ఉందో కనుక్కుందాం" అంది.

ఆ మాట బాపుకు నచ్చింది. ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు పెద్దలు కూర్చున్నప్పుడు, అందరి ఎదుటా తన ఇంటి సంగతి తానే చెప్పాడు. దాచి పంపించడం ఆయనకు చేతనయ్యే పని కాదు. బొడ్రాయి పూజలు చేయించే బైండ్ల పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన బీడీ పారేసి నిదానంగా చెప్పాడు.

"ఎల్ల కట్టకముందు పోయినోళ్లకు పట్టింపు లేదు. కట్టినంక లోపలోళ్లు పోవద్దు, బయటోళ్లు రావొద్దు. పొలి సల్లుకుంట ఊరు సుట్టు తిరిగొచ్చినంక ఎల్ల ఇప్పుతం. అప్పటిదాంక పిల్ల బయటనే ఉండాలె. గంతే."

పొలి అంటే ఊరి చుట్టూ పొలిమేర వెంట చల్లుకుంటూ పోయే నైవేద్యపు అన్నం. అది పూర్తయ్యేసరికి పొద్దు గూకుతుంది.

బాపు వెంటనే పక్కింటాయన వైపు తిరిగి, "అన్నా, మీ పిలగాన్ని గూడ ముందురోజే పంపు" అన్నాడు. ఆయన కాసేపు ముఖం ముడుచుకుని కూర్చుని, "ముందుగాలనే అడిగుంటే అయిపోవుగదనే" అని నవ్వేశాడు.

అలా పండుగ ముందురోజు సాయంత్రం, కట్టెలూ దారాలూ గోనెసంచిలో కట్టుకుని మేడం వాళ్లింటికి శంషాబాద్ వెళ్లాను. వాళ్లది కిరాయి ఇల్లు, మేడ మీద రెండు గదులు. పొద్దున స్నానం చేసి వచ్చి దండం పెట్టుకుందామని గోడలన్నీ చూశాను. ఎక్కడా దేవుడి పటం లేదు. క్యాలెండర్ మీద కూడా ఏదో పూలతోట బొమ్మ ఉంది. తడి జుట్టుతో అటూ ఇటూ చూస్తున్న నన్ను మేడం గమనించింది.

"మా ఇంట్లో దేవుడి గూడు లేదమ్మా. నాకు ఆ అలవాటు లేదు. తూర్పు మాత్రం అటు ఉంది" అని కిటికీ తలుపు తెరిచింది.

నేను కిటికీ దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాను. నేను కళ్లు తెరిచేవరకు ఆమె గ్యాస్ పొయ్యి వెలిగించకుండా ఆగింది. నమ్మనివాళ్లు నమ్మేవాళ్ల కోసం అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

మేళా సంగతి తొందరగానే చెప్పేస్తాను. నా పక్క బల్ల మీద ఒక పెద్ద బడి పిల్లలు పొగలు కక్కే అగ్నిపర్వతం పెట్టారు. జనమంతా అక్కడే. నా బల్ల దగ్గరికి వచ్చిన న్యాయనిర్ణేత, "దీని వల్ల ఉపయోగం ఏమిటి?" అని అడిగాడు. నేను మా ఇంటి గ్లాసు సంగతి చెప్పాను. ఆయన తలాడించి, తానే ఒకసారి నట్టును ఊపి చూసి వెళ్లిపోయాడు. సాయంత్రం పేర్లు పిలిచారు. నా పేరు లేదు. బస్టాండ్ దగ్గర మేడం మిరపకాయ బజ్జీలు కొని పొట్లం నా చేతిలో పెట్టింది. వద్దంటే, "ఏడుస్తూ కూడా తినొచ్చమ్మా" అంది. నిజమే, తినొచ్చు.

పాల్మాకుల దగ్గర బస్సు దిగి, మేడమూ నేనూ సంచి చెరో వైపు పట్టుకుని ఊరి దారి పట్టాం. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి ఉంది. దానికి వేపమండలు, కింద రోడ్డు మీద పసుపూ కుంకుమా కలిపి గీసిన గీత. లోపలి వైపు కుర్చీ వేసుకుని మా పెద్దబాపు, అంటే మా బాపు వాళ్ల అన్న, కావలి కూర్చున్నాడు. బయటి వైపు ఖాళీ క్యాన్లతో మా ఊరి పాలాయన, చంకలో బిడ్డతో ఒక ఆడపడుచు అప్పటికే ఎదురుచూస్తున్నారు. ఆ ఆడపడుచు బస్సు దొరకక ఆలస్యంగా వచ్చిందట. దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి. పొలి చల్లేవాళ్లు ఊరి చుట్టూ తిరుగుతున్నారు. ఆ చప్పుడు ఒకసారి చెరువు వైపు నుంచి, ఒకసారి విమానాశ్రయం గోడ వైపు నుంచి వస్తోంది.

సైన్సు చెప్పేవాళ్లు ఇలాంటివి నమ్మరని విన్న పెద్దబాపు, మేడంను చూసి హాస్యానికి, "మేడం, మీరు గివన్ని నమ్మరంట గదా. జర ఈ గీత దాటి సూపియ్యరాదు?" అన్నాడు.

మేడం నవ్వింది. "మీ ఇంటి గడప ఎప్పుడు దాటాలో మీరు చెప్పాలండీ. నేను నమ్మనంత మాత్రాన మీ ఇల్లు నాదైపోతుందా?" అని, గట్టు మీద చీర కొంగు సర్దుకుని కూర్చుంది. పెద్దబాపు తాను కూర్చున్న కుర్చీని లేపి, బొంగు మీద నుంచి బయటికి అందించాడు. "కింద కూసోకుర్రి, దుమ్మున్నది" అన్నాడు.

నేను వచ్చానని తెలిసి బాపు వచ్చాడు. తెల్ల బనీను నిండా పసుపు మరకలు. బొంగుకు అటు ఆయన, ఇటు నేను.

"ఏమొచ్చింది బిడ్డా?"

"ఏం రాలే బాపు."

ఊరికి ఇచ్చిన మాటతో ఇంత కుస్తీ పట్టి నన్ను పంపించాడు. నేను వట్టి చేతులతో వచ్చాను. ఆయన మాత్రం ఆ సంగతి అక్కడితో వదిలేసి, సంచి వైపు చూశాడు.

"అక్కడ సూపించిందేదో ఇక్కడ గూడ సూపియ్యి. నట్లు ఇచ్చిన్నే గని నేను పూర్తిగ సూడనే లేదు."

గీతకు ఇవతల, రోడ్డు మీద కట్టెలు నిలబెట్టాను. పాలాయన ఒకటి, ఆడపడుచు ఒకటి పట్టుకున్నారు. లోపలి వైపు బాపు గొంతుక్కూర్చున్నాడు. ఆయన వెనుక పెద్దబాపు, ఇంకా పండుగ కోసం వచ్చిన చుట్టాలు కొందరు మూగారు. నేను నట్టును ఊపి వదిలాను. మెల్లగా, అటు చివర ఉన్న దాని జోడు కదిలింది. కదిలి, ఊపందుకుంది.

"అరె! దాన్ని ఎవలు ముట్టలే గదా" అన్నాడు పాలాయన.

పొద్దున కాలేజీలో అప్పజెప్పినట్టు చెప్పిన మాటలన్నీ వదిలేసి, నాకు వచ్చిన భాషలో చెప్పాను. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టు నెడితేనే ఎత్తుకు పోతుంది, అడ్డదిడ్డంగా నెడితే ఆగిపోతుంది అన్నాను. ఈ దారం దీని ఊపును అక్కడిదాకా మోసుకుపోతోందనీ, అదే పొడవు ఉన్నది కాబట్టి అది అందుకుంటోందనీ చెప్పాను. విమానం చప్పుడుకు మా గ్లాసు మోగడం కూడా ఇదేనన్నాను. ఇంకోసారి, ఇంకోసారి అని వాళ్లు ఊపించారు. ఆడపడుచు చంకలో పిల్ల ఏడుపు మానేసి నట్టు వైపు చెయ్యి చాచింది.

పెద్దబాపు గడ్డం గోక్కుంటూ అడిగాడు. "అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, మరి ఇందుల దేవుడేం జేస్తున్నడు?"

నేను మేడం వైపు చూశాను. ఆమె కూడా నేనేం చెబుతానా అని చూస్తోంది. అంతలో బాపు అన్నాడు.

"పిల్ల దారం సంగతి చెప్తున్నది. దేవుని సంగతి అడుగుతవేందే నువ్వు?"

అందరూ నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వాడు.

ఆ తర్వాత నేను చాలా చదివాను. ఇప్పుడు నేనే పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. దేవుడూ సైన్సూ గురించి పెద్ద పెద్ద వాదనలు విన్నాను, నేనూ చేశాను. ఆవేశంగా మాట్లాడుతున్నప్పుడు ఒక్కోసారి బాపు మాట గుర్తొచ్చి తగ్గుతాను. ఏ ప్రశ్నకు ఏది జవాబో తెలిసి ఉండటం సగం చదువు. అలాగని అన్నిటికీ తల ఊపే మనిషినీ కాలేకపోయాను. ఒకసారి చెల్లెలికి కామెర్లు వస్తే, అమ్మ పసరు మందు పోయిస్తానని బయల్దేరింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ముందు దవాఖానకు పోదాం, తర్వాత నీ ఇష్టం అన్నాను. ఆ రోజు అమ్మ నన్ను చాలా తిట్టింది. నా లెక్క అదే. దవాఖానకు పోవడాన్ని ఆలస్యం చేసే నమ్మకంతో పోట్లాడతాను. మనిషిని మనిషి దగ్గర కూర్చోబెట్టే నమ్మకం జోలికి పోను. ఈ రెంటి మధ్యా గీత ఎక్కడుందో ప్రతిసారీ తేలిగ్గా దొరకదు.

ఆ సాయంత్రం మా నవ్వులు ఆగకముందే డప్పులు దగ్గరికి వచ్చాయి. చెమటతో తడిసిన మనుషులు పరుగులాంటి నడకతో వచ్చి గీత దగ్గర ఆగారు. బైండ్ల పెద్దాయన చివరి పిడికెడు అన్నం చల్లి, నిమ్మకాయ కోసి రెండు వైపులా విసిరి, "ఇగ ఇడువుర్రి" అన్నాడు. బొంగు తీశారు. పాలాయన అందరికన్నా ముందు ఉరికాడు.

లోపలికి వెళ్లాక అమ్మ ఎదురొచ్చి నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. "నీ పేరు మీద నేనే ఒక బిందె పోసిన" అంది. మేడంను చూసి ఒక్క క్షణం తడబడి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఊరి మధ్యలో నేలంతా బురద. కొత్త రాయి పసుపుతో, కుంకుమతో, నీళ్లతో నిగనిగలాడుతోంది. ఇంకా తడి ఆరలేదు. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఊళ్లోని బోర్లూ బావులూ అన్నిటి నీళ్లూ అక్కడికి చేరాయి. నేను మోసుకొచ్చినవి మాత్రం లేవు. షాద్‌నగర్ వెళ్లినందుకు నాకు ఎప్పుడూ బాధ లేదు. కానీ ఆ బిందెల వరుసలో నడవలేకపోయానే అన్న వెలితి ఇప్పటికీ ఉంది. రెండూ నిజమే. ఇప్పుడు ఆ దారికి రెండు వైపులా వెంచర్ల రాళ్లు పాతారు. ఊరు ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లకు చెప్పడం కష్టం. ఆ సాయంత్రం మాత్రం పసుపు గీసి చూపించినంత స్పష్టంగా ఉండేది.

మా ఇంట్లో పండుగకు వండిన మటన్ కూర మేడం తినదని, ఆమెకు మాంసం అలవాటు లేదని తెలిసి నాయనమ్మ నొచ్చుకుంది. పప్పు పోపు పెట్టించి, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. తర్వాత బాపు బండి మీద ఆమెను శంషాబాద్‌లో దింపి వచ్చాడు.

ఆ వేసవిలో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మా బడికి నేనే మొదటిదాన్ని. మిఠాయి డబ్బాతో మేడం వచ్చింది. పెద్దబాపు వచ్చాడు. ఇల్లంతా జనం.

"బొడ్రాయి మీద నీళ్లు పోసిన రోజే నాకెరుక, నా మొక్కు ఊకె పోదని" అంది అమ్మ.

"కాదండీ, పిల్ల కష్టపడింది. ప్రశ్న అడగడం నేర్చుకుంది, అందుకే వచ్చింది" అంది మేడం.

ఇద్దరూ బాపు వైపు చూశారు. ఆయన మిఠాయి నములుతూ తాపీగా అన్నాడు.

"గదీ కాదు, ఇదీ కాదు. రోజు పొద్దుగాల లేపి చాయ్ పెట్టిచ్చింది నేను."